అమ్మవారు కాపాడిన ఉప్పుమడి

నంద్యాల్లో రైలెక్కేటప్పుడు ఒక గెలుపు కథ రాసుకు రావడానికి వెళ్తున్నాననే అనుకున్నాను. మా బంధువుల పెళ్ళిలో, రోడ్డు పనులు చేయించే ఒకాయన నా పక్కన భోంచేస్తూ చెప్పాడు. శ్రీకాకుళం జిల్లాలో, నౌపడ దగ్గర, సముద్రం వైపు వేస్తున్న ఒక రోడ్డు తిన్నగా పోవాల్సింది పోయి ఒకచోట ఉన్నట్టుండి వంకర తిరిగిందట. కారణం ఒక పాత ఉప్పుమడి. దాని మధ్యలో అమ్మవారు వెలిసిందట. "వెలిసిందో, వెలయించారో!" అని నవ్వి, ఆయన ఇంకో బూరె వేయించుకున్నాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. పాత పనులు, పనిచేసే చోట్లు ఒక్కొక్కటే మన్నులో కలిసిపోతున్న రోజుల్లో ఒక్క మడైనా నిలబడిందంటే సంబరపడాలి గానీ నవ్వుతారా? ఎవరు నిలబెట్టారో, ఎలా నిలబెట్టారో చూసి రావాలనిపించింది. నాకు ఒకటి అనిపిస్తే మా ఇంట్లో ఎవరూ ఆపరు. ఆపితే ఏమవుతుందో వాళ్ళకు అనుభవమే.

వెళ్ళి చూసి వచ్చాను. రాస్తున్నది మాత్రం గెలుపు కథ కాదు. వచ్చి నెల దాటినా ఆ మడి తలపుకొస్తే మనసు చివుక్కుమంటూనే ఉంది.

పలాస: పిక్క కొరికిన ఫలం

పలాసలో నేను దిగిన లాడ్జి వెనక వీధిలో ఒక చిన్న జీడిపప్పు బట్టీ ఉంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఉడికించిన గింజల్ని ఒక్కొక్కటే మర మీద పెట్టి, కాలితో తొక్కుతూ చేత్తో మీట నొక్కుతూ పగలగొడుతున్నారు. పెంకుతో ఉన్న గింజను ఇక్కడ పిక్క అంటారు. ఒక మూలగా పచ్చి పిక్కలు కుప్ప పోసి ఉన్నాయి. జీడిపప్పు దొరికే ఊళ్ళో జీడిపప్పు కొనుక్కు తినడమేమిటని, ఒక పిక్క తీసుకుని పంటితో కొరికాను.

"ఒలమ్మా! పిక్కని కొరికీసింది సూడండే!" అని ఒకామె మర వదిలేసి లేచింది. నాలుగు మరలు ఆగిపోయాయి. పెంకులోని జీడి నూనె అప్పటికే నా కింది పెదవిని పట్టుకుంది. నిప్పు ముట్టించినట్టయింది.

"ఏ వూరమ్మా మీది?" అందామె, నా పెదవికి కొబ్బరినూనె రాస్తూ.

"నంద్యాల."

"ఆడ జీడి నేదేటి?"

"పప్పే చూశాం గానీ పిక్కను చూళ్ళేదమ్మా."

వాళ్ళు కడుపుబ్బ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ పెదవి కదల్లేదు. ఆమె చేతులు చూశాను. వేళ్ళ కొసలు నల్లగా మాడి, గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. నాకు ఒక్కసారి అంటిన నూనెలో వాళ్ళు రోజంతా ఉంటారు. వచ్చేటప్పుడు బద్ద పప్పు అరకిలో కొన్నాను. మా ఊరి ధరకంటే బాగా తక్కువ. బేరమాడే నోరు నాకు ఆ పూట లేదు.

రాత్రికి పెదవి పనసతొనంత అయింది. రాయలసీమ దాన్ని, కారం తగిలితే ఎగిరి పడుతున్నాను. మెస్సులో పెరుగన్నంలోకి బెల్లం ఆవకాయ వేశారు. ఆవకాయలో బెల్లం కలిపేవాళ్ళను నేను జన్మలో క్షమించననుకున్నాను. ఆ పూటకి క్షమించేశాను.

టెక్కలి దాటాక: వంకర తిరిగిన రోడ్డు

మర్నాడు టెక్కలిలో పాపారావు అనే కుర్రాడి ఆటో ఎక్కాను. నౌపడ అవతల ఉప్పుమడి అనగానే, "మళ్ళమ్మ తల్లికాడికా?" అన్నాడు. మళ్ళను కాచే తల్లి గనక మళ్ళమ్మ అట.

"ఏటి మొక్కుకున్నారు మేడం?"

"ఏమీ మొక్కుకోలేదు. చూద్దామని."

"సూడ్డానికేటుంది, రాయి. మొక్కుకోండి, ఎలాగూ వత్తన్నారు కదా," అన్నాడు. దారి ఖర్చు వృథా పోకూడదని అతని తాపత్రయం.

కోసిన వరిచేలు, వాటి వెనక కొండలు, తర్వాత నీళ్ళు నిలిచిన తంపర నేలలు. అక్కడక్కడా గూడబాతులు పెద్దమనుషుల్లా నిలబడి ఉన్నాయి. గాలిలో ఉప్పు తగలగానే నా పెదవి మళ్ళీ మండింది. కొంత దూరం పోయాక కొత్త రోడ్డు వచ్చింది. తిన్నగా పోతూ పోతూ, మోచెయ్యి మడిచినట్టు వంగి, కొంత దూరంలో మళ్ళీ తిన్నగా అయింది. ఆ వంపు లోపల ఉంది నేను చూడ్డానికొచ్చిన మడి.

ఒకప్పుడు అక్కడ చుట్టూ ఉప్పుమళ్ళేనట. ఇప్పుడు ఒకవైపు రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే చక్రాలు. మరోవైపు రోడ్డు కోసం పోసిన ఎర్రమట్టి. మధ్యలో ఈ ఒక్క మడి నల్లగా, పల్లంగా, బోసిగా ఉంది. దాని నడుమ మోకాలెత్తు రాయి. పసుపు, కుంకుమ, వేపమండలు, పైన నాలుగు గుంజల మీద రేకు. కంచె లేదు, బోర్డు లేదు. గట్టు మీద మాత్రం చెప్పుల కుప్ప ఉంది. నా చెప్పుల్లో ఒకటి గట్టు ఎక్కుతూ బురదలో దిగబడి ఎంత లాగినా రాలేదు. అమ్మవారు నా చెప్పు ముందే తీసేసుకుందని పాపారావు తేల్చాడు.

గట్టు మీద దాలయ్య కూర్చుని ఉన్నాడు. ఈ మడి అతని తాతల నాటిది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, పాదాలు పలకల్లా వెడల్పుగా ఉన్నాయి. ఉప్పు పండించే కాలం మొదలవుతున్న రోజులవి. అతను మాత్రం నీళ్ళు రాని కాలువ గట్టుకు బురద మెత్తుతున్నాడు. "ఊరికే కూకుంటే సేతులు పీకుతాయి తల్లీ," అన్నాడు.

అతని భార్య తవిటమ్మ మధ్యాహ్నం అన్నం తెచ్చింది. అన్నం అంటే చోడి అంబలి, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు. మా వైపు రాగి సంగటి గట్టిగా ముద్ద కట్టి తింటాం. వీళ్ళు అదే రాగిని చోడి అని పిలిచి పలచగా తాగుతారు. నాకూ ఒక గ్లాసు పోసింది. మండే పెదవికి ఆ చల్లదనం ప్రాణం లేచొచ్చినట్టుంది.

"ఒక్క మడినైనా కాపాడారు, గొప్ప పని చేశారక్కా," అన్నాను, గ్లాసు దించి.

తవిటమ్మ మొగుడి వైపు చూసింది. దాలయ్య నెత్తళ్ళ వైపు చూశాడు. ఏదో తప్పు మాట అన్నానని అర్థమైంది.

కాళ్ళతో కట్టిన నేల

ఉప్పుమడిని నేను పొలం లాంటిదే అనుకున్నాను. నీళ్ళు పెడితే ఎండుతుంది, ఎండితే ఉప్పు. అంతే కదా! కాదు. మడి అసలు విలువ దాని అడుగున ఉంది. ఏటా వానలు వెనకబట్టాక పదిమంది వరసగా నిలబడి, ఒక వెదురుగడ అందరూ పట్టుకుని, ఒకే అడుగుగా మడమలతో నేలను తొక్కుతారు. ఆరనిస్తారు, తడుపుతారు, మళ్ళీ తొక్కుతారు. అలా తాతల కాలం నుంచి తొక్కగా తొక్కగా ఆ జిగురు నేల రోలు అడుగులా నునుపు తేలుతుంది. దాని మీద పేరిన ఉప్పుకు మట్టి అంటదు. తొక్కుడు సరిగ్గా లేకపోతే ఉప్పు గోధుమరంగుకు తిరుగుతుంది, ఎవరూ కొనరు. చుట్టుపక్కల ఎక్కడా ఇంత పాత తొక్కుడు నేల మిగల్లేదు. చెరువులు తవ్వినప్పుడు మిగతావన్నీ చిల్లులు పడిపోయాయి.

"పోనేడు తొక్కనేదు," అన్నాడు దాలయ్య. లేచి, గట్టు దిగకుండానే చేత్తో చూపించాడు. నల్లటి నేల మీద సన్నటి నెర్రెలు, రాయి దగ్గర నుంచి అంచులదాకా పాకాయి. "ఈ యేడూ తొక్కకపోతే ఆ నెర్రెల్లోకి ఉప్పు దిగిపోద్ది. నేలంతా పిండైపోద్ది. ఇంక మా తాత లెగిసొచ్చినా బాగవ్వదు."

"మరి తొక్కొచ్చు కదా?"

"ఎలగమ్మా?" అంది తవిటమ్మ. "అమ్మ కూకున్న నేల. కాలితో తొక్కుతామేటి?"

అప్పుడు చెప్పింది. రోడ్డు కోసం కొలతలవాళ్ళు వచ్చి మడి నట్టనడుమ ఒక సర్వే రాయి పాతి వెళ్ళారు. దాలయ్య రెండు రోజులు అన్నం తినలేదు. మొగుణ్ణి అలా చూడలేక, ఒక శుక్రవారం తెల్లారి తవిటమ్మ ఆ రాయికే నిండా పసుపు రాసింది, బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. వారం తిరిగేసరికి ఊరి ఆడవాళ్ళు కోడిని కోశారు. కొలతలవాళ్ళు మళ్ళీ వచ్చి, తాము పాతిన రాయి ముందు తామే చెప్పులు విడిచి నిలబడ్డారు. ఆ తర్వాతే రోడ్డు వంగింది.

నాకు నవ్వాగలేదు. పెదవి చిట్లినా నవ్వాను. ఇంత తెలివి! రాయి వెనక పసుపు తక్కువ ఉన్నచోట తెల్లరంగుతో వేసిన గుర్తు ఇంకా కనబడుతోంది.

"అయితే అది అమ్మవారు కాదని నీకు తెలుసుగా అక్కా. నువ్వే చేశావు కదా!"

తవిటమ్మ నా వైపు చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "నానే పసుపు రాసినాను. నానే మొక్కినాను. మొక్కీసినాక ఉత్తిదెలాగవుద్దమ్మా?"

మా ఊళ్ళో పొలిమేర రాయికి మేమూ మొక్కుతాం. దాన్ని మొదట ఎవరు పాతారో ఎవరమూ అడగలేదు.

రాయిని గట్టు మీదికి మార్చి గుడి కట్టుకోవచ్చు కదా అన్నాను. దాలయ్య తల అడ్డంగా ఊపాడు. "అమ్మని లేపినామంటే ఆ వంకర తిన్నగైపోద్ది తల్లీ. రోడ్డోలు కాసుకునున్నారు." పోనీ రాయి చుట్టూ వదిలేసి మిగతా నేల తొక్కండి అన్నాను. మడిలో ఒక మూల చిల్లున్నా నీరంతా అక్కడి నుంచే దిగిపోతుందట. నా ఉపాయాలు అంతటితో అయిపోయాయి. నాకు అనవసరంగా కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

రేపు కాక ఎల్లుండి శుక్రవారం అమ్మవారినే అడుగుతామని, సరేనంటే ఆ రోజే తొక్కుతామని చెప్పారు. నేను తిరుగు రైలు టికెట్టు మార్చుకున్నాను.

భావనపాడు: ఉప్పు ఎక్కడిదైతేనేం

మధ్యలో మిగిలిన రోజున పాపారావు నన్ను ఉద్దానం వైపు తిప్పాడు. కొబ్బరితోటల్లో పాత తుపాను దెబ్బకు తలలు పోయిన మోళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి మధ్య కొత్త మొక్కలు మనిషెత్తు లేచాయి. జీడిమామిడి పూతకొచ్చింది. ప్రతి ఇంటి అరుగు మీదా తాగేనీళ్ళ డబ్బా ఉంది. ఈ ఊళ్ళలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, బావి నీళ్ళు తాగడానికి భయపడతారు. ఇంత పచ్చటి చోట నీళ్ళు కొనుక్కుంటున్నారు.

భావనపాడులో నూకాలమ్మ అనే ఆవిడ చేపలు ఎండబెడుతోంది. ఎండు నెత్తళ్ళ ధర అడిగితే మా ఊళ్ళో చింతపండు ధరకంటే తక్కువ చెప్పింది. నేను ఇంకా తగ్గించమన్నాను. అలవాటు. "ఆ పెదవేసుకుని బేరమాడతన్నావేటి తల్లీ!" అని అందరికీ వినబడేలా అని, ఇంకో గుప్పెడు వేసింది.

మళ్ళమ్మ పేరెత్తగానే నూకాలమ్మ ఒడిలో చేపలున్నాయని కూడా మర్చిపోయి చేతులు జోడించింది. కిందటేడు గాలివానలో ఆమె కొడుకు పడవ తప్పిపోయి, ఆమె మొక్కుకున్న మర్నాడు ఒడ్డుకు చేరిందట. "ఆ తల్లి నేకపోతే నా గుంటడు నేడు," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ముందు ఆ రాయిని గురించి నేను ఏం మాట్లాడగలను?

పక్కనే లారీలో వచ్చిన ఉప్పు బస్తాలున్నాయి. చేపలకు ఆ ఉప్పే పట్టిస్తోంది. "ముందు దాలయ్య మావ ఉప్పే వాడేవోలం," అంది. "పెద్ద పలుకు, సేపకి బాగా పట్టేది. ఇదేటో, ఊరికే కరిగిపోతాది. ఏటి సేత్తాం? అమ్మొచ్చినాది, ఉప్పు పోనాది." అని మళ్ళీ చేపల మీదికి వంగింది. ఆమెకు ఆ రెండూ ఒకదాని వల్ల ఒకటి జరిగినట్టే లేదు.

శుక్రవారం

పొద్దున్నే మడి దగ్గర పదిమంది తొక్కేవాళ్ళు చేరారు. వాళ్ళకు ముందు నిలబడేది దాలయ్య చెల్లెలి మొగుడు సింహాద్రి. ముందురోజు సాయంత్రమే నేల తడిపి ఉంచారు. గట్టు మీద ఊరి ఆడవాళ్ళు, కాస్త ఎడంగా నేను, నా పక్కన పాపారావు. అతను ఆ పూట బేరాలు మానేసి వచ్చాడు.

తవిటమ్మ తలస్నానం చేసి, ఒక ఎర్రమందారం తడిపి, రాయి నెత్తిన అంటించింది. కుడివైపు రాలితే సరేనని, ఎడమవైపు రాలితే వద్దని. మా వైపూ ఇలా అడగడం ఉంది గానీ, మేం పెళ్ళి సంబంధాలకు అడుగుతాం. నేల బతకడానికి అడగడం ఇదే చూశాను. రొయ్యల చెరువుల్లో చక్రాల చప్పుడొక్కటే. నేను ఏ దేవుణ్ణీ గట్టిగా నమ్మిన దాన్ని కాను. ఆ రోజు మాత్రం ఆ పువ్వును కళ్ళతోనే కుడివైపుకు తోశాను.

పువ్వు కుడివైపే రాలింది.

తవిటమ్మ గొల్లున ఏడ్చేసింది. "ఒప్పుకున్నాది మావా! అమ్మ ఒప్పుకున్నాది!" దాలయ్య తలపాగా తీసి, రాయికి మొక్కి, పంచె ఎగ్గట్టాడు. ఆ ముసలి ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూళ్ళేదు. పదిమందీ వరస కట్టారు. వెదురుగడ పట్టుకున్నారు. దాలయ్య కేకేశాడు. పదకొండు కుడికాళ్ళు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా నేలను గుద్దాయి.

ఆ వెంటనే పదకొండు మందీ వంగారు. తొక్కినచోట నేలను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. గడ చేతుల్లోంచి జారి పడింది.

పుస్తకానికో పెద్దవాళ్ళకో కాలు తగిలితే మనం ఏం చేస్తాం? ఆలోచించి చెయ్యం, చెయ్యి దానంతట అదే పోతుంది. వాళ్ళకూ అంతే. గట్టు మీద ఒకరిద్దరు నవ్వారు. వాళ్ళూ నవ్వుకుని గడ ఎత్తారు. దాలయ్య మళ్ళీ కేకేశాడు. మళ్ళీ కాళ్ళు లేచాయి. ఈసారి అవి గుద్దలేదు, మెల్లిగా ఆనాయి. మళ్ళీ అందరూ వంగారు. మూడోసారికి సగంమంది కాలే ఎత్తలేదు.

సింహాద్రి గడ కింద పెట్టేశాడు. "బావా, అమ్మ ఒప్పుకున్నాది గానీ నా కాలు ఒప్పుకోనంటంది. నానేటి సెయ్యను?"

"సిన్నప్పట్నించీ తొక్కిన నేలేరా!"

"అప్పుడది నేలే కదా బావా."

వాళ్ళు ఒక్కొక్కరే రాయికి దణ్ణం పెట్టి గట్టెక్కారు. కూలి దొరికే రోజు పోగొట్టుకోలేక కొందరు అటునుంచే రొయ్యల చెరువుల వైపు నడిచారు. వాళ్ళను ఎలా తప్పుపడతాం?

దాలయ్య మడిలో ఒక్కడే మిగిలాడు. మడమ ఎత్తి బలంగా తొక్కాడు. వంగి కళ్ళకద్దుకున్నాడు. ఒక అడుగు జరిగి మళ్ళీ తొక్కాడు, మళ్ళీ వంగాడు. పదిమంది రోజుల తరబడి చేసే పని. ఒక్క ముసలివాడు, అదీ తొక్కిన ప్రతిసారీ క్షమాపణ చెప్పుకుంటూ. కాసేపటికి నడుం పట్టుకుని అక్కడే, తడినేల మీద, రాయికి ఎదురుగా చతికిలబడ్డాడు. తవిటమ్మ గట్టు దిగి వెళ్ళి పక్కన కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ మడిని చంపినవాళ్ళెవరో చూపించండి, తిట్టిపోసి మనసు తేలిక చేసుకుంటాను అనిపించింది. చూపించడానికి ఎవరూ లేరు. దాని మీద ప్రేమ ఉన్నవాళ్ళే అక్కడున్నారు.

అంతలో గట్టు మీద మోటారుసైకిలు ఆగింది. టెక్కలి నుంచి వచ్చిన పడుచు జంట. "తాతా, సెప్పులు ఇక్కడే ఇడవాలా?" అని ఆ అబ్బాయి అడిగాడు. దాలయ్య కూర్చున్న చోటునుంచే అవునని తల ఊపాడు. ఆ పిల్లకు చేతుల మీద పులిపిర్లుండేవట, పోయాయట. పులిపిర్లు పోతే అమ్మవారికి ఉప్పు పోస్తామని మొక్కుకోవడం మా వైపూ ఉంది. ఆ పిల్ల సంచిలోంచి కొట్లో కొన్న ఉప్పు ప్యాకెట్టు తీసి, పళ్ళతో మూల చించి, రాయి ముందు కుమ్మరించింది. ఇద్దరూ మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయారు.

నల్లటి నేల మీద తెల్లగా ఒక చిన్న కుప్ప మిగిలింది. దాలయ్య మోకాళ్ళ మీద ముందుకు జరిగి, వేలితో చిటికెడు తీసి, అరచేతిలో పరిచి, ఎండకు ఇటూ అటూ తిప్పాడు. నాలుక మీద వేసుకున్నాడు.

"మట్టి నేదే," అన్నాడు పెళ్ళాంతో. "ఎవులో, బాగా తొక్కినారు."